బెల్టు పెట్టుకోనిదే బండి కదలదు

ముందే చెబుతున్నాను, ఒత్తుల దగ్గర తప్పులుంటే మన్నించండి. యాభై నాలుగో ఏట అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఈ కాస్త రాయడానికి నాకు పది రోజులు పట్టింది.

మా అమ్మాయి హెప్సిబా గన్నవరం రోడ్డులో ఒక కార్ల షోరూములో పనిచేస్తుంది. స్పోర్ట్స్ కారు కొనడానికి వచ్చినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూపించేది అదే.

ఒకరోజు యేసుకుమార్ అనే కుర్రాడు వచ్చాడు. కైకలూరు దగ్గర వాళ్లకు చేపల చెరువులున్నాయి.

"డ్రైవర్ని పిలవండి మేడమ్, టెస్ట్ డ్రైవ్‌కి వెళ్దాం" అన్నాడట.

"పిలవక్కర్లేదండీ, వచ్చేసింది" అంటూ ఇది స్టీరింగు ముందు కూర్చుంది.

ఆరు సెకన్లలో బండి వంద అందుకుంది. అతను సీటుకి అతుక్కుపోయాడు. ఇంతలో ఒక ఆటో రాంగ్ రూటులో అడ్డొచ్చింది. ఇది బ్రేకు తొక్కింది. బండి పక్కకు జారకుండా ఉన్న గీతలోనే ఆగిపోయింది.

"చక్రాలు పట్టేయకుండా ఏబీఎస్ చూసుకుందండీ. ఇంక కళ్లు తెరవొచ్చు."

"భయంతో కాదండీ, ప్రార్థన చేసుకుంటున్నా."

తర్వాత మూడు వారాల్లో నాలుగుసార్లు వచ్చాడు.

"కారు ఇంకా నచ్చలేదా అండీ?"

"ఎప్పుడో నచ్చింది. నడిపే మనిషి ఇంకా నచ్చింది. మా అమ్మ ఒప్పుకుంటే..."

ఇంటికొచ్చి ఆ మాట నాకు చెప్పి, హెప్సిబా మొహం టవల్లో దాచుకుంది.

వాళ్లమ్మ బుల్లెమ్మ గారు కబురు పంపారు. "పెళ్లిచూపులు కారులోనే. పిల్ల నడుపుతుంటే చూస్తా."

యేసుకుమార్, నేను వెనక కూర్చున్నాం. ఆ వెనక సీటు చేతిసంచులకే సరి, మోకాళ్లు గడ్డానికి తగిలాయి. ముందు సీటు మాత్రం మనిషిని ఒడిలో పెట్టుకున్నట్టుంటుంది. బుల్లెమ్మ గారు దర్జాగా కూర్చుని, బ్యాగులోంచి చిన్న క్లిప్పు తీసి బెల్టు పెట్టే చోట గుచ్చారు. బెల్టు లేకపోయినా బండి కూత పెట్టకుండా వాడే క్లిప్పు అది.

"పట్టుచీర నలుగుతుందమ్మా. పోనీ."

హెప్సిబా క్లిప్పు పీకి ఆవిడ చేతిలో పెట్టింది. "బెల్టు లేకుండా ఎయిర్ బ్యాగు తెరుచుకుంటే, అదే మొహం పగలగొడుతుందండీ."

"ఈ ఒక్కరోజుకీ వదిలేయండి, మా అమ్మ కదా" అని గొణిగాడు యేసుకుమార్.

"మీ అమ్మగారనేగా పెట్టుకోమంటున్నా!"

బండి కదల్లేదు. సంబంధం పోయిందనుకున్నాను. 'ఊరుకోవే' అనబోయి, అద్దంలో దాని మొహం చూశాను. బెదురు లేదు, పొగరూ లేదు. తన పని తనకు తెలిసిన మనిషి మొహం. ఇది నా కూతురు అనుకున్నాను.

బుల్లెమ్మ గారు దాన్ని ఎగాదిగా చూశారు. కుచ్చిళ్లు సర్దుకుని, బెల్టు లాగి పెట్టుకున్నారు.

హనుమాన్ జంక్షన్ దాకా పోయాం. అక్కడ ఆగాక ఆవిడ అడిగారు.

"మావాడు స్పీడుగా పోతాడు. బెల్టు పెట్టుకుంటాడా?"

"నేను పక్కనుంటే పెట్టుకుంటారండీ."

"లేకపోతే?"

"పెట్టుకోనమ్మా" అని యేసుకుమారే ఒప్పుకున్నాడు.

"అయితే నువ్వు వీడి పక్కనే ఉండాలి తల్లీ. ఉద్యోగం మాత్రం మానకు. మా వీధిలోకి ఇలాగే నడుపుకుంటూ రావాలి, అందరూ చూడాలి!"

హెప్సిబా అద్దంలోకి చూసి నవ్వింది. నన్ను చూసి కాదు.

ఇట్లు,
మార్త, అరవై ఏళ్లు,
భవానీపురం, విజయవాడ.