ముత్యాల మీద మొలవని తీగ

సువర్ణకోట రాజ్యాన్ని ప్రతాపసేనుడు పాలిస్తున్న రోజుల్లో, ఒక మాంత్రికుడు పగబట్టి యువరాజు జయధీరుణ్ణి చేపగా మార్చివేశాడు. ఆ చేప నివసించే నీటిలోనే వెన్నెలతీగ వేరూని పూస్తే తప్ప శాపం తీరదన్నాడు.

రాజు సభామందిరంలో పెద్ద స్ఫటికపు తొట్టె కట్టించి, కొడుకును అందులో ఉంచాడు. యువరాజు ఉండే చోటు రాజసంగా ఉండాలని అడుగున ముత్యాలు, పాలరాతి ముక్కలు పరిపించాడు. కొండవాగుల నుంచి తెచ్చిన వెన్నెలతీగలను తోటమాలులు అందులో నాటేవారు. అవి పసుపుబారి కుళ్ళిపోయేవి. తీగ చచ్చిన ప్రతిసారీ ఒక తోటమాలిని చెరలో వేయించేవాడు రాజు. ఇదెక్కడి న్యాయం? ముత్యాలు పోయించింది ఎవరు, సంకెళ్ళు పడింది ఎవరికి?

చివరికి రంగదాసు అనే తోటమాలి వంతు వచ్చింది. భటులు అతణ్ణి ఈడ్చుకుపోతుంటే కూతురు వకుళ అడ్డం పడింది.

"మా నాన్న చేసిన తప్పేమిటి ప్రభూ?"

"తీగను చంపాడు!" అన్నాడు రాజు.

"తీగ ఎందుకు చచ్చిందో ఎవరైనా చూశారా? నేను వెళ్ళి తెలుసుకుని వస్తాను. అప్పటిదాకా ఇంకొకరి మీద చెయ్యి వేయకండి!"

రాజు రంగదాసును చెరలో వేయించి, ఆమె వచ్చేదాకా ఆగుతానన్నాడు. కుళ్ళిన తీగను చేతపట్టుకుని ఆమె అడవిదారి పట్టింది.

అడవి మొదట్లో రంగురాళ్ళ గుట్ట ఒకటి ధగధగ మెరుస్తోంది. దాని మీద శిలాముఖుడనే రాక్షసుడు కూర్చుని ఉన్నాడు.

"తొట్టెలో పరచడానికి నా రాళ్ళను మించినవి లేవు. పట్టుకుపో," అన్నాడు వాడు, ఆమె వచ్చిన పని విని.

అప్పటికే ఆ రాళ్ళు గుచ్చుకుని వకుళ పాదాల నుంచి రక్తం కారుతోంది. "వద్దు. వీటి అంచులు కత్తుల్లా ఉన్నాయి. అడుగున తిరిగే చేప పొట్ట చీరుకుపోతుంది."

"నా రాళ్ళకే వంక పెడతావా? నిన్ను నమిలేస్తాను!"

"అంత మంచివైతే మీరే వాటి మీద బోర్లా పడుకుని దొర్లండి. ఒళ్ళు గీరుకోకపోతే నన్ను తినండి!"

రాక్షసుడు రోషంతో దొర్లాడు. మరుక్షణం "అబ్బా! అమ్మా!" అంటూ పొట్ట పట్టుకుని గుట్ట దిగి పరుగెత్తాడు.

ఇంకొంత దూరం పోగా, ఒక ముని నిమ్మచెట్టు కింద కనిపించాడు. ఆయన తీగను తిప్పి చూసి, వేళ్ళలో చిక్కుకున్న ముత్యాన్ని బయటకు తీశాడు. దాని మీద నిమ్మరసం పిండగానే బుసబుసమని నురగ వచ్చింది.

"చూశావా తల్లీ! ముత్యంలో ఉన్నది సున్నమే. పాలరాతిలోనూ అదే. అది మెల్లగా కరిగి నీటిని మారుస్తుంది. వెన్నెలతీగకు సున్నపు నీరు పడదు. పైగా రాళ్ళలో వేరుకు తిండేది?"

వకుళ కళ్ళు ఎర్రబడ్డాయి. "అంటే, విషం పోసింది రాజుగారు! శిక్ష మా నాన్నకా!"

"ఆ కోపం నీకు బలమిస్తుంది, దారి మాత్రం మరిచిపోకు. ఈ కుండ పట్టుకుపోయి, పాతచెరువులో ఉన్న తాబేలును మట్టి అడుగు."

పాతచెరువు తాబేలు కొండంత ఉంది. వకుళ మట్టి అడగగానే అది మండిపడింది.

"మళ్ళీ వచ్చారా! నా తామరలు కోసుకుపోయారు, నా పిల్లలను పట్టుకుపోయారు. ఇప్పుడు నా మట్టి కూడా కావాలా?"

"మీ కోపం న్యాయమైనదే," అంది వకుళ. "తప్పు చేయనివాళ్ళు చెరలో ఉన్నారు. మాట రాని ఒక ప్రాణి తొట్టెలో ఉంది. వాళ్ళ కోసం అడుగుతున్నాను."

తాబేలు పక్కకు జరిగి, "అయితే మునిగి నువ్వే తెచ్చుకో," అంది.

వకుళ ఊపిరి బిగబట్టి మునిగింది. నాచు కాళ్ళకు చుట్టుకున్నా, గుండె పగిలిపోతున్నట్లున్నా అడుగుమట్టిని కుండకెత్తుకునే పైకి వచ్చింది.

"వట్టి మట్టే పోస్తే నీళ్ళు బురదవుతాయి," అని తాబేలు చెప్పింది. "మట్టి పైన, బాగా కడిగిన ఏటి ఇసుక పరుచు. అప్పుడు మట్టి కదలదు, వేరు దిగుతుంది."

వకుళ ఏటి ఇసుక కూడా తీసుకుని కోటకు తిరిగి రాగానే ప్రతాపసేనుడు కుండను చూసి ఉగ్రుడయ్యాడు. "నా కుమారుడి తొట్టెలో బురదా? గెంటేయండి!"

"ముత్యాలు మీ గొప్ప కోసం పోశారు, మీ అబ్బాయి కోసం కాదు!" అని వకుళ గట్టిగా అరిచింది.

అంతలో తొట్టెలోని చేప ఆమెవైపు దూసుకువచ్చి అద్దానికి తల కొట్టుకోసాగింది. కొడుకు పడే బాధ చూసి రాజు భటులను ఆగమన్నాడు.

వకుళ ముత్యాలన్నీ తోడేసింది. మట్టి పరిచి, ఇసుక కప్పి, పళ్ళెం మీదుగా మెల్లగా నీళ్ళు వంచింది. కొండవాగు నుంచి తెప్పించిన మరో తీగ నాటింది. కొన్నాళ్ళకు అది కొత్త ఆకు వేసింది. ఒక ఉదయం తెల్లని పువ్వు విచ్చుకోగానే, తొట్టెలోంచి జయధీరుడు లేచి నిలబడ్డాడు.

"నాన్నగారూ, వాళ్ళను ఈడ్చుకుపోతుంటే నేను అద్దం వెనకనుంచి అరిచాను. మీకు వినబడలేదు. ముందు చెర తలుపులు తెరిపించండి!"

రాజు సిగ్గుతో వకుళను క్షమించమన్నాడు.

"నాకు కాదు, వాళ్ళకు చెప్పండి," అందామె.

రాజు చెరసాల గుమ్మంలో నిలబడి, బయటికి వచ్చిన ప్రతి తోటమాలికీ తలవంచి నమస్కరించాడు. చెరలో చిక్కిపోయిన రంగదాసు కోలుకున్నాక, ఇద్దరి ఇష్టంతోనే వకుళకూ జయధీరుడికీ పెళ్ళి జరిగింది. వాళ్ళ ఏలుబడిలో, తప్పు రుజువు కాకుండా ఒక్కరి చేతికీ సంకెల పడలేదు.