బ్లేడు పట్టుకున్న మూడు వేళ్లు

సీటు మీంచి లేస్తే గడ్డి కోసే మోవర్ బ్లేడు దానంతటదే ఆగిపోతుందని మీకెవరు చెప్పారు? చెప్పినవాళ్లు ముందు తమ చెయ్యి పెట్టి చూశారా?

శ్యామసుందరికి భర్తే చెప్పాడు. బాలమురళి టూవూంబా యూనివర్సిటీలో ఇంజనీరింగ్ లెక్చరరు. ఇంట్లో యంత్రాల విషయంలో ఆయన మాటకి తిరుగులేదు. ఊరి చివర ఇల్లు, ఎకరం పచ్చిక, కూర్చుని నడిపే మోవర్. గతుకుల్లో ఇంజను మాటిమాటికీ ఆగిపోతోందని మనిషి లేస్తే ఇంజను ఆపే సీటుకింది స్విచ్చిని ఆయనే తీగతో కట్టేశాడు. ఆ ముక్క మాత్రం భార్యకి చెప్పలేదు. కిందటి నవంబరులో తడిగడ్డి ఇరుక్కుంటే, ఆవిడ సీటు దిగి, తీద్దామని చెయ్యి పెట్టింది. కుడిచేతి మూడు వేళ్లు పోయాయి, ముందురోజు పెట్టుకున్న గోరింటాకుతో సహా. ఎంత వెతికినా దొరకలేదు.

అంబులెన్సు వచ్చేలోపు బాలమురళి చేసిన మొదటి పని, ఆ తీగ విప్పి జేబులో వేసుకోవడం. ఆ తర్వాత ప్రతి బార్బీక్యూ విందులోనూ ఒకటే జోకు. "మా ఆవిడ పచ్చడికి మిక్సీ చాలక మోవర్లో పెట్టిందండీ చెయ్యి." అందరూ నవ్వేవారు. ఆవిడ ఎడంచేత్తో ప్లేట్లు తీసేది.

ఈ శనివారం మధ్యాహ్నం షెడ్డు ముందు బ్లేడ్లు మార్చడానికి కూర్చున్నాడు. మొద్దుబారి గడ్డిని కొయ్యడం మానేసి పీకుతున్నాయి. ముందుచక్రాలు ర్యాంపు మీదికెక్కించాడు. తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. స్పార్క్‌ప్లగ్ వైరు లాగేశాడు. బ్లేడు తిరక్కుండా, దాని మీద ఇనపకప్పులా ఉండే డెక్కుకీ బ్లేడుకీ మధ్య చెక్కముక్క బిగించాడు. తన చేతుల విషయంలో ఆయన జాగ్రత్త ఎన్నడూ తప్పలేదు.

డెక్కు కింద మసకచీకటి. ఎండిన ఎర్రమట్టి, కుళ్లిన గడ్డి వాసన. కంచె మీద మ్యాగ్‌పై పిట్ట కూస్తూ కూస్తూ ఆగిపోయింది. బోల్టు కదల్లేదు. పళ్లు బిగించి తిప్పాడు. చెక్క జారి పడింది. బ్లేడు గిర్రున తిరగబోయి... ఆగింది. ఎవరో అవతల నుంచి పట్టుకున్నట్టు.

కూతురు గీతిక వచ్చిందనుకున్నాడు. అలాగే పట్టుకో అమ్మలూ, అన్నాడు.

"పట్టుకున్నాను... తిప్పండి."

గీతిక ఆ మాట అనదు. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషే. ఇది శ్యామసుందరి గొంతు. కానీ శ్యామసుందరి దూరంగా, వంటింటి కిటికీలో కనబడుతూనే ఉంది. పెదవులు కదలట్లేదు.

టార్చి వేశాడు.

బ్లేడు అంచు మీద మూడు వేళ్లు. మూడే. వాటి వెనక చెయ్యి లేదు. గోళ్లు ఎర్రగా పండి ఉన్నాయి.

చెయ్యి లాక్కోబోయాడు. రాలేదు. వేళ్లు ఇప్పుడు ఆయన మణికట్టు మీద ఉన్నాయి. మెల్లగా... ఎంతో ఆప్యాయంగా... పదును వైపు లాగుతున్నాయి. పైన సీటు స్ప్రింగు కిర్రుమంది, ఎవరో కూర్చున్నట్టు. మళ్లీ కిర్రుమంది.

"లేచానండీ... ఆగాలిగా?"

బ్లేడు వణికింది. షెడ్డు తలుపు దగ్గర అడుగుల చప్పుడు. ఈసారి నిజంగానే గీతిక. "డాడ్? యూ ఓకే?"

మణికట్టు మీద పట్టు కాస్త సడలింది. ఆ మూడూ ఎదురుచూస్తున్నాయి. ఏ మాట కోసమో బాలమురళికి తెలుసు. తీగ కట్టింది నేనే. అంతే. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ గీతిక వింటోంది.

"ఏం లేదు," అన్నాడు.

బ్లేడు తిరిగింది.

తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. ప్లగ్ వైరు ఊడి వేలాడుతూనే ఉంది. తండ్రి వేళ్లు అతికించవచ్చేమోనని గీతిక ఐసు డబ్బా పట్టుకుని, ఏడుస్తూ, నెత్తురు తడిసిన గడ్డి అంతా దేవింది. మూడు దొరికాయి. ఇంకా వెచ్చగా ఉన్నాయి. గోళ్ల మీద గోరింటాకు, నిన్న పెట్టినంత ఎర్రగా.

ఆయనవి ఇప్పటికీ దొరకలేదు.

నవ్వుతున్నారా? నవ్వండి. కానీ ఈ పూటే వెళ్లి మీ మోవర్ సీటు ఎత్తి చూడండి. తీగ ఉంటే కోసిపారెయ్యండి. కట్టిందెవరో మీ ఇంట్లోవాళ్లకి మీ నోటితోనే చెప్పండి... వాళ్లు వినేట్టు.