కుడి పక్క తట్టలు

పొర విడిచే నాలుగో నిద్ర లేచిన పట్టుపురుగులు ఆకు మేస్తుంటే ఇంట్లో వాన పడుతున్నట్టే ఉంటుంది. సాదలి గంగప్ప రోజూ పొద్దున్నే ఆకు వేసి, తలుపు దగ్గర నిలబడి ఆ చప్పుడు వింటాడు. కళ్ళకన్నా చెవులనే నమ్మే మనిషి. ఆ పొద్దున కుడి పక్క తట్టల నుంచి చప్పుడే లేదు.

లోపలికి వెళ్ళి వెనక్కి తిరిగాడు. ఇందాక మూగబోయిన పక్క బాగానే మేస్తోంది, మేసిన పక్క ఆగిపోయింది! ఇదేం మాయో అర్థంకాక తల గోక్కున్నాడు. నడుమ కర్రకు కట్టిన నిమ్మకాయంత మైకు కనబడింది. పురుగుల చప్పుడు రికార్డు చెయ్యడానికి కూతురు ప్రేమ తను పనిచేసే బెంగళూరు స్టూడియో నుంచి తెచ్చి పెట్టింది. కోపమంతా దానిమీదికి మళ్ళింది.

"ప్రేమా! రోగం తగులుతాదని చుట్టాల్ని కూడా రానియ్యని పురుగులింట్లో ఏం పెట్టినావమ్మా? ఒకతూరి ఈ పక్క, ఒకతూరి ఆ పక్క పురుగులు మేత నిలిపేస్తాండాయి!"

"మైకు ఏం చేస్తుందప్పా? వినేదే దాని పని."

"మేస్తాండాయి కదయ్యా, కండ్లు పెట్టి చూడు," అంది భార్య మునిరత్నమ్మ.

"మేస్తే చప్పుడు యాడ? రోగం తగిలుండాది. ఊరికే కదులుతాండాయి. గుంతలో పూడ్చేస్తా. నీ ఉద్యోగమూ వద్దు, మిషనూ వద్దు, ఎత్తుకొని పో!"

మొదట మూగబోయిన కుడి పక్క తట్టల్లో తలుపు దగ్గరిదాన్ని ఎత్తుకుని బయల్దేరాడు. ప్రేమ గడపకు అడ్డం నిలబడింది.

"పూడ్చే ముందు ఒక్కసారి విను. ఈ ఒక్క మైకే ఇంట్లో చప్పుడు నాలుగు పక్కలా పట్టుకుంటాది. ఏ పక్క వినాలో తర్వాత తిప్పుకోవచ్చు."

హెడ్‌ఫోన్ పెట్టించుకుని, పొద్దుటి రికార్డింగు విన్నాడు. "చూసినావా, దీంట్లో కూడా కుడి పక్క లేదు!" అన్నాడు.

ప్రేమ లాప్‌టాప్ తెర చూసింది. రెండు పక్కలా చప్పుడు గీతలు సమంగా ఎగురుతున్నాయి. తండ్రి ముఖంలోకి చూసి, మెల్లగా మౌస్ కదిపింది.

"ఇల్లంతా తిప్పినానప్పా. కుడి పక్క తట్టలు ఇప్పుడు నీ ఎడమ చెవికొచ్చినాయి."

ఎడమ చెవి నిండా జోరువాన. ఆకు ఆకంతా కరకరలాడుతోంది. గంగప్ప హెడ్‌ఫోన్ తీసి, కుడి చెవి దగ్గర చిటిక వేసుకున్నాడు. మళ్ళీ వేసుకున్నాడు. ఏమీ లేదు.

"పురుగులు బాగుండాయా?"

"బాగుండాయప్పా."

"అట్లయితే పోయింది నా చెవే." తట్ట ఒళ్ళో పెట్టుకుని చతికిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "బతికిన పురుగుల్ని పూడ్చేస్తాంటినే! నిన్నూ నోటికొచ్చినట్లు తిట్టినా."

మునిరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రేమ కూడా ఏడుస్తూ వచ్చి ఆయన కుడి పక్కన కూర్చోబోయింది.

గంగప్ప చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఆ పక్క వద్దు. ఈ పక్కకు రామ్మా. నీ ఉద్యోగం సంగతి మొదట్నుంచీ చెప్పు, వింటా."