నలభై వేల గంటల కొత్త డిస్కు

పొద్దున్నే కాఫీ గ్లాసుతో హాల్లోకొచ్చిన కోడలికి గుండె ఆగినంత పనైంది. కంప్యూటర్ పక్కరేకు ఊడి నేలమీదుంది. లోపల దీపాలు వెలుగుతున్నాయి. మామగారు ముందు చతికిలబడి, కళ్లు మూసుకుని, హార్డ్ డిస్కు మీద అరచెయ్యి ఆనించి ఉన్నారు, పసిపిల్లకి జ్వరం చూస్తున్నట్టు.

"మామయ్యా! చెయ్యి తియ్యండి ముందు!"

"అరవకమ్మా. దీని బేరింగు అరిగింది."

ఆయన నూలుమిల్లులో ముప్ఫయ్యేళ్లు ఫిట్టరు. ఇంట్లో గిర్రున తిరిగే వస్తువేదీ ఆయన చేతికి చిక్కకుండా బతకలేదు. కోడలు పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తుంది. నెల కిందట పాత డిస్కు కన్నుమూస్తూ రెండు పుట్టినరోజుల్ని వెంట తీసుకుపోయింది. అందుకని మొన్న మొగుడు ఇంకోటి తెచ్చి బిగించాడు. నిన్నటి పెళ్లంతా అందులోకెక్కించి, కెమెరా కార్డులు తుడిచేసింది కోడలు. ఇది పోయిందా, ఆ జంటకి మళ్లీ పెళ్లి చెయ్యాల్సిందే.

"మొన్న కొన్నదానికి అరుగుడేంటి? మీ మిల్లు కాదిది. నా పని జోలికి రాకండి మామయ్యా!"

ఆయన చెయ్యి తువ్వాలుకి తుడుచుకున్నారు.

గడ్డం గీసుకుంటున్న మొగుడు మొహంనిండా నురగతో వచ్చాడు. "నాన్నా, అది కంప్యూటరు, మగ్గం కాదు."

"మగ్గం కాదురా, కదురు. ముప్ఫయ్యేళ్లు మీ నాన్న ఏం తిప్పాడో కూడా తెలీదు నీకు. నాలుగు మరలుండాల్సిన చోట ఒక్కటి బిగించావు. ఊగి చస్తోంది."

"ఒకటి చాల్లే. అదేమన్నా పారిపోతుందా?"

ఆ ఒక్క మర దగ్గరే కోడలికి అనుమానం పుట్టింది. మరల్లోనే ఇంత పొదుపు చేసినవాడు డిస్కులో చెయ్యడా? డిస్కు ఎన్ని గంటలు తిరిగిందో దానికదే రాసుకుంటుంది. ఆ లెక్క తెరిచింది.

"నలభై వేల గంటలా!"

మామగారు వేళ్లు మడిచారు. "ఎనిమిది గంటల షిఫ్టయితే పదహారేళ్ల సర్వీసు. నాలాగే రిటైరైంది."

కోడలు మొగుడి వైపు తిరిగింది.

"స్నేహితుడి కొట్లో... సగానికే ఇచ్చాడు. కొత్తదానికేం తీసిపోదన్నాడు. చూడు, ఎలా మెరుస్తోందో!"

"మెరవడానికేం, మీ మొహమూ మెరుస్తోంది!"

గంటలో ఆమె పెద్ద కొట్టుకి వెళ్లింది, మామగారిని వెంటబెట్టుకుని. సీలు విప్పనిది, అయిదేళ్ల వారంటీ ఉన్నది ఎంచింది.

"తిప్పి చూపించండి. ఈయన చెయ్యి పెట్టి చూడాలి."

"అలా తిప్పి చూపించడం మా దగ్గర లేదమ్మా," అన్నాడు కొట్టువాడు.

"ఇవాళ్టి నుంచి ఉంది."

చూపించాడు. మామగారు తలూపారు.

ఇంటికొచ్చాక మొగుడు టార్చి పట్టుకుంటే, మామగారు ఎదురెదురు మూలల వరసలో నాలుగు మరలూ బిగించారు. ఫొటోలు ఒక్కొక్కటే కొత్తదాంట్లోకి దాటుతున్నాయి. తొంభై మూడు శాతం దగ్గర ఆగిపోయాయి. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. పెళ్లికూతురి తండ్రి కూడా అంత కంగారు పడి ఉండడు. కాసేపటికి కదిలాయి. పూర్తయింది.

"పొద్దున నోరు జారాను మామయ్యా."

"జారితే జారింది. పెళ్లి దక్కింది కదా."

"ఈ ముసలిదాన్ని పారేద్దామా?" అన్నాడు మొగుడు, చేతిలో డిస్కు తిప్పుతూ.

"ఎందుకురా? బరువు మొయ్యలేదంతే. పాటలు పెట్టివ్వు, దానిమానాన అది పాడుకుంటుంది."

కోడలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మీకు మాత్రం పాటలు లేవు మామయ్యా. డ్యూటీయే. ఇంకో కాపీకి రెండో డిస్కు కొనాలి, రేపు వస్తారా?"

"వస్తానమ్మా," అన్నారాయన, తువ్వాలు భుజాన వేసుకుంటూ. "వీణ్ని మాత్రం తీసుకురాకు."