అలిగిన దూడనీడ

2081 నాటికి పశుక్షేత్రాల్లో దూడలు కనిపించడం మానేశాయి. ఉదయగిరి కొండల కింద ఉన్న ఆ క్షేత్రంలో పదకొండు వందల ఆవులు. రోజూ మూడో నాలుగో ఈనేవి, పాకల నిండా దూడల అరుపులు వినిపించేవి, దూడ మాత్రం ఒక్కటీ ఉండేది కాదు. ప్రతి నాటు ఆవు పక్కనా మెత్తటి తోలు తొడిగిన చిన్న యంత్రం నిలబడి ఉండేది.

దాని పేరు దూడనీడ. కనిపెట్టింది డాక్టర్ సులక్షణ. దూడ కుడుస్తున్నంత కాలం ఆవు త్వరగా ఎదకు రాదు, ఈతకూ ఈతకూ మధ్య ఎడం పెరిగిపోతుంది. పుట్టగానే దూడను వేరుచేస్తే సంకరజాతి ఆవులు సర్దుకుంటాయి గాని, నాటు ఆవులు మొండివి. దూడ పక్కన లేనిదే చేపవు, పాలు పొదుగులోనే బిగబట్టుకుంటాయి. అందుకని మొదటి గంటలోనే దూడ గొంతు, వాసన, ఒంటి వేడి రికార్డు చేసి, ఈ నకలుకు నేర్పి, దూడను తీసేసి దీన్ని తల్లి పక్కన నిలబెడతారు. ఆవు చేపుతుంది, రెండు నెలల్లో మళ్లీ ఎదకూ వస్తుంది. కంపెనీకి ఇంతకన్నా ఏం కావాలి?

నలభై ఒకటో నంబరు ఆవు ఒప్పుకోలేదు. ఈని పది రోజులైనా ఆ తెల్లటి నాటు ఆవు దూడనీడను వాసన చూసి మొహం తిప్పుకుంటోంది. దాన్ని చూసి పక్క ఆవులూ బిగబట్టసాగాయి. శనివారంలోగా చేపకపోతే మూడు వందల నాటు ఆవుల్నీ కబేళాకు పంపేస్తామని కంపెనీ తేల్చేసింది. సులక్షణకు అన్నం సహించడం లేదు.

జబ్బులు లోపలికి రాకూడదని అక్కడ పనిచేసేవాళ్లను ఏడాదిపాటు గేటు దాటనివ్వరు. విశాఖలో తండ్రి దగ్గరున్న ఆరేళ్ల కూతురు లాస్య రోజూ సాయంత్రం ఐదింటికి కంపెనీ లైనులో, తెర మీద కనిపించి మాట్లాడేది. పదకొండు నెలల్లో ఒక్క రోజు తప్పలేదు. బంగారు తల్లి, పుట్టినరోజుకు రాలేనన్నా “పర్లేదమ్మా, నువ్వు పని చూసుకో” అంది. ఆ మాటల బలంతోనే సులక్షణ మర్నాడు లేచి పనిలోకి వెళ్లేది.

గురువారం ఆమె ముసలి కాపరి పెంచలయ్యను పిలిచి లోపం ఎక్కడుందో చూడమంది. అతను చాలాసేపు చూశాడు.

“నిజం దూడైతే పాలు రాకుంటే ఊరుకోదమ్మా. తలతో పొదుగును కుమ్ముతాది, అలుగుతాది. మీది ఎప్పుడు జూసినా ముద్దుగానే అరస్తా ఉండాది.”

వాళ్ల తాత చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి ఆవు పక్కన పెట్టేవాడట. ఆ బొమ్మ తల పట్టుకుని పొదుగును నాలుగు కుమ్ములు కుమ్మించేవాడట.

“అది బొమ్మని ఆవుకు తెలిసేది కాదా?”

“తెలవకేం? తెలిసే చేపేదమ్మా.”

సులక్షణ ఆ పూటే ప్రోగ్రాం మార్చింది. పాలు రాకపోతే మూడు కుమ్ములు, తర్వాత మొహం తిప్పుకుని ఏడు సెకన్ల మౌనం, ఆ పైన ఒక్క మెత్తటి పిలుపు. శుక్రవారం పొద్దున ఆ పిలుపు వినగానే నలభై ఒకటో నంబరు ఆవు చెవులు రిక్కించింది. మెడ చాచి దూడనీడ వీపు నాకింది. పాలు ధారగా దిగాయి. పెంచలయ్య తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

కంపెనీ అభినందించింది. దూడనీడను వాడుతున్న అన్ని విభాగాల్లోనూ ఇవాళే ఈ మార్పు పెడుతున్నామని రాసింది. ఆవుల విభాగం కాక ఇంకేమున్నాయో సులక్షణకు తట్టలేదు.

సాయంత్రం ఐదింటికి లాస్య వచ్చింది. పై నెల కూడా రావడం కుదరదేమోనని సులక్షణ భయపడుతూనే చెప్పింది.

“నువ్వెప్పుడూ ఇంతే. నువ్వు రానే రావు. నీతో మాట్లాడను, పో.”

పాప మొహం తిప్పేసుకుంది. సులక్షణ ఆనందంతో తెరకు దగ్గరగా జరిగింది. పదకొండు నెలల తర్వాత తన పిల్ల తన మీద అలిగింది. మూడే మూడు మాటలు అనేసి అలిగింది.

మూడు.

వద్దు వద్దనుకుంటూనే గోడ గడియారం వైపు చూసింది. ఒకటి, రెండు. నిజం లాస్య గొంతు చివరిసారి విన్నది ఏ నెలలో? నాలుగు, ఐదు. ఎర్ర మీట నొక్కితే లైను తెగిపోతుంది. వేలు దాని మీదే ఉంది. ఆరు. ఏడు.

“అమ్మా,” అంది తెర మీది పాప, మెత్తగా.

సులక్షణ వేలు వెనక్కి తీసుకుంది.

“ఏం తల్లీ,” అంది, తెలిసే.