మూడో గదిలో మోత

ఆ మోత ఆపడానికి నీ చెయ్యి ఎంత తొందరగా లేచిందమ్మా. మంచం దాకా పోయినావు, మిషన్ మీట నొక్కినావు, వెనక్కి తిరిగినావు. మంచం మీదున్న మనిషి మొహం చూసినావా? చూడలేదు. నేను వాకిట్లో నిలబడి చూస్తూనే ఉన్నాను. నువ్వు మిషన్‌ను ముట్టుకున్నావు గానీ మనిషిని ముట్టుకోలేదు.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. రాత్రిపూట ఈ ఆసుపత్రి గేటు కాసేవాణ్ణి. నర్సు పని నీకు నేర్పేంతటివాణ్ణి కాదు. కానీ తప్పును తప్పు అనడానికి చదువు అక్కర్లేదు. పోయి ముందు ఆ మనిషిని చూసిరా. వచ్చినాక ఇక్కడ కూర్చో. ఈ దేవేంద్రప్ప చెప్పేది విను.

చూసినావా? బాగుందా? సరే. ఈసారికి బాగుంది.

ఈ మేడమీద ఆ చివర ఉంది చూడు, మూడో గది. ఒకప్పుడు దానికి తాళం వేసి ఉండేది. పగలు కూడా ఊడ్చే ఆయమ్మలు ఆ వాకిలి ముందు చీపురు ఆపకుండా గబగబా పోయేవాళ్ళు. రాత్రయితే ఆ పక్క మెట్లు ఎక్కేవాళ్ళే కాదు. చుట్టూ తిరిగి స్ట్రెచర్లు తోసే దారిలో వచ్చేవాళ్ళు.

లోపల రోగి లేడు. సెలైన్ డబ్బాలు, దుమ్ము పట్టిన మంచం, గోడకు బిగించిన మానిటర్ — అంతే. మానిటర్ తీగ పీకి పైన చుట్టిపెట్టినారు. అయినా అది మోగుతుందని చెప్పుకునేవాళ్ళు. మోగేటప్పుడు... తడి గోరింటాకు వాసన వస్తుందని కూడా.

నేను దెయ్యాలను నమ్మేవాణ్ణి కాదు. ఇప్పుడు నమ్ముతానా అని అడగొద్దు. శివలీల సిస్టర్ తన నోటితో నాకు చెప్పింది, చెప్పినట్టే చెప్తాను.

శివలీల మంచి నర్సు. అది ముందే ఒప్పుకోవాలి. నెలల పిల్లకైనా ఒక్క పోటుకే నరం దొరికేది ఆమె చేతికి. నీలాంటి కొత్తవాళ్ళకు పని నేర్పింది ఆమే. ఆ రోజుల్లో రాత్రిపూట మేడమీద ఆమె ఒక్కతే. తోడుండే సిస్టర్ పని మానుకుని హైదరాబాదు పోతే, ఆ జాగాలో ఇంకొకరిని పెట్టలేదు. అది యజమాని తప్పు. ఆ తప్పుకు ఆయన జవాబు చెప్పుకోవాలి. దాన్ని అడ్డం పెట్టుకుని మన తప్పు దాచుకోకూడదు.

రంజాన్ అయిన వారంలోనే నఫీసా అనే అమ్మాయి కాన్పుకు వచ్చింది. ఆపరేషన్ చేసి బిడ్డను తీసినారు. మగబిడ్డ. తల్లినీ బిడ్డనూ మూడో గదిలో పెట్టినారు. తోడు ఉండింది నఫీసా అమ్మ, మాబీ. మన ఆత్మకూరులో వాళ్ళ వీధిలో ఎవరింట్లో పెళ్ళయినా పండగయినా మెహందీకి మాబీనే పిలుస్తారు. కూతురి చేతులకు పండగనాడు ఆమే పెట్టింది. గోళ్ళు నల్లబడేదాకా పండింది.

వేలికి తగిలించే క్లిప్పు ఉంది కదా, మనిషికి ఊపిరి చాలినంత అందుతోందో లేదో అంకెల్లో చూపించేది. మెహందీ నల్లగా పండిన గోరు మీద అది ఒక్కోసారి తప్పు చూపిస్తుందట. అప్పుడేం చెయ్యాలో నీకు తెలుసు. తీసి కాలి వేలికి పెట్టాలి. రెండు నిమిషాల పని. శివలీలకు తెలియదా? కొత్తవాళ్ళకు ఆమే నేర్పేది.

ఆ రాత్రి మూడో గదిలో మిషన్ మోగింది. శివలీల పోయింది, నఫీసా గోళ్ళు చూసింది, మోత ఆపి వచ్చింది.

మళ్ళీ మోగింది... మళ్ళీ ఆపింది.

అవతల గదిలో ఒక పిల్లవాడికి జ్వరంతో ఫిట్స్. ఇంకో గదిలో ఒక ముసలాయన సెలైన్ పీకేసుకున్నాడు. ఆమె అటూ ఇటూ పరిగెత్తుతోంది. అప్పుడు మాబీ వచ్చి బల్ల దగ్గర నిలబడింది. ఎవరికీ నిద్ర చెడకూడదని మెల్లగా అడిగింది.

"సిస్టరమ్మా, మా నఫీసా ఊపిరి ఆడక ఎగపోస్తాండాది. ఒక తూరి వచ్చి చూడమ్మా."

"నీ బిడ్డ చేతులు చూసినావా మాబీ? అంత నల్లగా మెహందీ పెడితే మిషన్‌కు ఏం కనపడ్తాది? ఉత్తుత్తికే మోగుతాండాది. పోయి పండుకో."

"నేనే పెట్టినానమ్మా... పండగ కదా అని."

"పెట్టినావులే. బిడ్డకు సింగారం, మాకు జాగారం."

శివలీల నవ్వుతూనే అనింది. మాబీ కూడా తప్పు చేసినదానిలాగా కొంచెం నవ్వి, తల దించుకుని పోయింది. మళ్ళీ పిలవలేదు. పిలవడానికి సిగ్గుపడింది.

తెల్లవారే నమాజు పిలుపు వినిపించే వేళకు నఫీసా ప్రాణం పోయింది.

ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డం పడిందని డాక్టరు చెప్పినాడు. ముందే తెలిసి ఉంటే ఏదైనా చేసి చూసేవాళ్ళం అన్నాడు. మిషన్ మోగలేదా అని అడిగినాడు. మోగింది సార్, గోరింటాకు వల్ల సరిగ్గా చూపించలేదు అని శివలీల చెప్పింది.

మాబీ ఆ మాట వినింది. మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఇదిగో ఈ బెంచీ మీదనే కూర్చుని ఉండింది. శివలీల పోతుంటే కొంగు పట్టుకుని ఆపింది.

"నా మెహందీ వల్లనే కదమ్మా... మిషన్ చెప్పలేకపోయింది?"

శివలీల నోరు తెరిచింది. నిజం నాలిక మీదనే ఉండింది. కానీ ఆ నోట్లోనుంచి వచ్చింది వేరే మాట.

"అవును మాబీ."

వింటున్నావా అమ్మా? మోత ఆపడం ఒక తప్పు. అది అలిసిపోయిన మనిషి తప్పు. ఈ మాట అట్లాంటిది కాదు. కూతుర్ని పోగొట్టుకున్న తల్లి నెత్తిన, ఆ చావును కూడా మోపింది.

మాబీ ఇంటికి పోయి, వెనకనున్న గోరింట చెట్టును మొదలుకంటా నరికేసిందట. ఆ తర్వాత ఎవరు పిలిచినా మెహందీకి పోలేదు.

ఆ నెల నుంచే గదికి చెడ్డపేరు వచ్చింది. ఎవరూ లేని వేళ మోగుతోందని ఒకరు, ఏడుపు వినిపించిందని ఒకరు. చివరికి తాళం వేసినారు.

ఆషాఢం వచ్చింది. నల్లమల అంచు ఊళ్ళనుంచి పాముకాటు కేసులు మొదలయినాయి. ఒక సాయంత్రం నాగశ్రీ అనే పిల్లను తెచ్చినారు. గడ్డి కోస్తుంటే మోచేతి దగ్గర కాటు వేసింది. మందు ఎక్కించినారు, తేరుకుంది. రాత్రంతా కనిపెట్టి చూడాలి. మంచాలన్నీ నిండినాయి. పగటి డ్యూటీ సిస్టర్ హిమబిందు వేరే దారి లేక మూడో గది తాళం తీయించి, మిషన్ తీగ గోడకు పెట్టి, పిల్లను అక్కడ పడుకోబెట్టింది. బస్సు పోతుందని తొందరలో, శివలీల వచ్చేలోపలే వెళ్ళిపోయింది. నోటిమాటగా ఎవరికీ చెప్పలేదు. రాత్రి ఆడవాళ్ళ గదుల్లో మగవాళ్ళు ఉండకూడదు కాబట్టి పిల్ల నాయన కిందకు దిగి, గేటు దగ్గర నా పక్కనే పడుకున్నాడు.

అంటే... మూడో గదిలో మనిషి ఉందని శివలీలకు తెలియదు.

నడిరేయి దాటింది. వాన పడి కరెంటు పోయింది, జనరేటరు వేసినారు. లైట్లు గుడ్డిగా వెలుగుతున్నాయి.

ఆ చివరనుంచి... మోత.

శివలీల తల ఎత్తలేదు. అది మోగదు, దాని తీగ పీకేసి ఉంది అనుకుంది. ఆగింది. మళ్ళీ మొదలయింది — ఆగకుండా.

గాలికి వాసన వచ్చింది. తడి గోరింటాకు.

ఆమె రెండు చెవులూ మూసుకుంది. మోత ఆగితే చాలు, ఎవరైనా వచ్చి ఆపితే చాలు అనుకుంది. అనుకున్న క్షణంలోనే చేతులు చెవుల మీదనుంచి తీసేసింది. తర్వాత నాతో అనింది — "దేవేంద్రప్పా, నేను భయపడింది దెయ్యానికి కాదు. ఆగిపోతే చాలని మళ్ళీ అనిపించింది కదా... నా మనసుకు భయపడినా."

లేచింది.

వరండా పొడవునా గోడ పట్టుకుని నడిచింది. తాళం ఉండాల్సిన తలుపు... వారగా తెరిచి ఉంది. తోసింది.

మంచం మీద ఒక ఆడపిల్ల.

దుప్పటి మీద రెండు చేతులు. గోళ్ళదాకా ఎర్రగా పండినవి.

శివలీల గోడకు ఆనుకుని గుసగుసగా అనింది —

"నఫీసా... నేను అబద్ధం చెప్పినా. మీయమ్మకు అబద్ధం చెప్పినా."

మంచం మీద పిల్ల పలకలేదు. కళ్ళు సగం మూసుకున్నాయి, రెప్పలు పైకి లేవడం లేదు. పెదాలు నీలంగా ఉన్నాయి. పారిపోదామని ఒక కాలు వెనక్కి వేసింది శివలీల. కానీ మోత ఆగడం లేదు... ఆ కాలు మళ్ళీ ముందుకు వేసింది. పోయి ఆ చెయ్యి ముట్టుకుంది.

వెచ్చగా ఉంది.

శివలీల అరిచిన అరుపు నాకు గేటు దాకా వినపడింది. నేను మెట్లెక్కి పోయేసరికి ఆమె పిల్ల మొహానికి మాస్క్ అదిమి పట్టి, ఊపిరి సంచి పిసుకుతోంది. విషం మళ్ళీ తిరగబెట్టి పిల్లకు ఊపిరి కండరాలు చచ్చుబడినాయి. అరవడానికి లేదు, వేలు ఎత్తడానికి లేదు. డాక్టరు వచ్చి గొంతులో గొట్టం వేసి, అంబులెన్సులో కర్నూలు తీసుకుపోయేదాకా శివలీల ఆ సంచి వదల్లేదు. పిల్ల బతికింది. ఇప్పుడు కాలేజీకి పోతోందట.

తెల్లవారి గేటు మెట్ల మీద కూర్చుని ఆమె ఇదంతా నాకు చెప్పింది. నేను అన్నాను, "చూసినావా తల్లీ, దెయ్యం లేదు, గియ్యం లేదు. బతికున్న పిల్ల. గోరింటాకు వాసన కూడా ఆ పిల్ల చేతులదే."

ఆమె కూడా అవునంది. అంతలో హిమబిందు డ్యూటీకి వచ్చింది. శివలీల ఆమె చెయ్యి పట్టుకుంది.

"మంచి పని చేసినావు బిందూ. క్లిప్పు కాలి వేలికి పెట్టినావు. చేతి వేలికి ఉండింటే... గోరింటాకేలే అనుకోని మళ్ళీ ఆపేసి వచ్చేదాన్నేమో."

హిమబిందు మొహం చిట్లించింది.

"కాలి వేలికా? నేను చేతికే పెట్టినా కదక్కా. తొందరలో గోరింటాకు సంగతి తోచనే లేదు."

"కాలికి ఉండె బిందూ. నేను చూసినా."

"నేను పెట్టలేదక్కా."

పిల్లకు వేలు కదిలించే శక్తి లేదు. నాయన రాత్రంతా నా పక్కనే గుర్రు పెట్టినాడు. మేడమీద వేరే సిస్టర్ లేదు.

మరి క్లిప్పును కాలికి మార్చింది ఎవరు?

శివలీల ఆ పొద్దు ఇంటికి పోలేదు. డ్యూటీ బట్టలతోనే మాబీ ఇంటికి బయలుదేరింది. గడప దాకా తోడు రమ్మంటే పోయినాను. మాబీ మనవడికి పాలు పడుతోంది. శివలీల నిలబడే చెప్పింది. మెహందీ కాదు మాబీ, నేను చూడలేదు. తెలిసీ చూడలేదు. తర్వాత అబద్ధం చెప్పినా — ఇంతే.

మాబీ పాల సీసా పక్కన పెట్టి తన చేతులు తిప్పి చూసుకుంది.

"ఇన్నాళ్ళూ ఈ చేతులతో వీణ్ణి ఎత్తుకోవాలంటే భయపడ్తాంటి" అనింది. తర్వాత, అదే గొంతుతో, "పో. ఇంక ఈడికి రావొద్దు."

ఆసుపత్రి వాళ్ళు శివలీలను వారం తిరక్కుండా పనిలోనుంచి తీసేసినారు. చూడకుండా ఉన్నందుకు కాదు, బయట చెప్పినందుకు. ఆమె వాదించలేదు. బద్వేలులో ఒక చిన్న క్లినిక్‌లో సూదులు వేసే పనికి కుదిరింది. రాత్రి పని మళ్ళీ చెయ్యలేదు.

నిరుడు ఆషాఢంలో బద్వేలు పోయినప్పుడు చూసిపోదామని వాళ్ళింటికి వెళ్ళినాను. మాబీ నరికిన చెట్టు చిగురు వేసిందని, ఆ వీధి ఆడపిల్లల చేతులు మళ్ళీ పండుతున్నాయని ఆమెకు చెప్పాలనుకున్నాను. వాకిట్లో శివలీల కూతురు ఆడుకుంటోంది, బడికి పోయే పిల్ల. పక్కింటివాళ్ళు గోరింటాకు పెట్టినారట. రెండు చేతులూ చాపి, "తాతా, చూడు ఎంత ఎర్రగా పండిందో" అని మురిసిపోతూ చూపించింది.

లోపలనుంచి శివలీల టీ గ్లాసుతో వచ్చింది.

పిల్ల నవ్వు ఆపేసింది. ఎవరూ చెప్పకుండానే, బాగా అలవాటయిన పనిలాగా, రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని వాళ్ళమ్మ ముందు నిలబడింది.