జ్యోత్స్న చేతిలో ఒక్క చుక్క

"కడిగిన చేతులు ఎక్కడా ఆనియ్యకున్రి" అని షిఫా ఆర్డరేసింది.

బడి నుంచి నేరుగా వచ్చిన అయిదుగురు ఆడపిల్లలు చేతులు చాపుకుని షిఫా ఇంట్లోకి నడిచారు. రేపే రంజాన్. షిఫా ఫుప్పు, అంటే మేనత్త, కహ్కషాన్ మెహందీ పెడితే కురవి ఊరంతా మెచ్చుకునేది. కానీ రెండు నెలలుగా ఆమె కోన్ ముట్టలేదు. నవ్వడం కూడా మానేసింది. ఒక్కసారి మొదలుపెడితే ఫుప్పు మళ్లీ నవ్వుతుందని షిఫా ప్లాన్. అందుకే ఆమెను అడక్కుండానే అందరికీ మాటిచ్చేసింది. షిఫాకు తొందర ఎక్కువ.

"ఫుప్పూ, మొదలు జ్యోత్స్నకు పెట్టు."

కహ్కషాన్ కోన్ తీసుకుంది. జ్యోత్స్న అరచేతిలో ఒక్క చుక్క పెట్టి ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాతోని కాదు బేటా" అని లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

పిల్లలు మెల్లగా వెళ్లిపోయారు.

"ఫుప్పుకు నేనంటే ఇష్టం లేదు" అంటూ షిఫా నాన్న దగ్గర ఏడ్చింది.

నాన్న అబ్రార్ ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఇష్టం లేక కాదు బేటా. మానుకోట దవాఖానల డాక్టరమ్మ చెప్పింది, గిది డిప్రెషన్ అని. ఇష్టమైన పని చేసినా మనసుకు సంతోషం తెల్వది. మందులు ఏస్కుంటున్నది, మెల్లగ తగ్గుతది. నవ్వు నవ్వు అని ఎంటపడితే ఇంకింత పరేషానైతది."

"మరి నేనేం జెయ్యాలె?"

"జర పక్కన కూసో. ఏం అడగకు."

అడక్కుండా కూర్చోవాలి! షిఫాకు ఇంత కష్టమైన హోంవర్క్ ఏ టీచరూ ఇవ్వలేదు.

తలుపు తట్టి లోపలికి వెళ్లి, ఫుప్పు పక్కన కూర్చుని, తన చేతిమీద తానే మెహందీ పెట్టుకుంది. తీగ వంకరపోయింది. పువ్వు పకోడీలా వచ్చింది. బాగుందా అని అడగబోయి పెదవి కొరుక్కుంది.

చాలాసేపటికి కహ్కషాన్ షిఫా చొక్కా చెయ్యి మెహందీకి అంటకుండా పైకి మడిచింది. నవ్వలేదు. అయినా షిఫాకు చాలా బాగనిపించింది.

పండుగనాడు స్నేహితులు సేమ్యా తినడానికి వచ్చారు.

"మీ ఫుప్పు ఇయ్యాల పెడ్తదా?" అడిగింది సౌమ్య.

"ఆమెకు మనసైనప్పుడు పెడ్తది. ఎవ్వరూ అడగొద్దు. కావాలంటే నేను పెడ్త."

షిఫా చేతిమీది పకోడీని చూసి నలుగురూ చేతులు వెనక్కి దాచుకున్నారు. జ్యోత్స్న మాత్రం చెయ్యి చాపింది. అరచేతిలో చుక్క ఎర్రగా పండి ఉంది.

"ఈ చుక్క ఫుప్పుది. ముట్టకు. చుట్టూత గియ్యి."

షిఫా తొందరపడకుండా ఆ చుక్క చుట్టూ రేకులు గీసింది.